నెమ్మది అన్నాను

నన్ను పిలిచిన ప్రతి సభలోనూ ఒకటే వరస. ముందు శాలువా, తర్వాత పూలగుత్తి, ఆ తర్వాత ఎవరో అమ్మాయి మైకు ముందుకొచ్చి, మా ఫైనాన్స్ కంపెనీలో జనరల్ మేనేజర్ అయిన తొలి మహిళ అని నా గురించి చదవడం మొదలుపెడుతుంది. చివర్న, మీరు ఇంత పైకి ఎలా వచ్చారో ఈ తరం ఆడపిల్లలకు చెప్పండి మేడమ్ అంటారు. కష్టపడ్డానంటాను, దేవుడి కృప అంటాను, మా నాన్న చదివించాడంటాను. చప్పట్లు కొడతారు. ఇంటికొచ్చాక మా ఆయన ఆ శాలువా చూసి, ఇంకో రెండొస్తే సోఫాలకి కవర్లు కుట్టించేయొచ్చు అని ఎగతాళి చేస్తాడు. ఒకప్పుడైతే నవ్వేదాన్ని.

అసలు సంగతి ఏ సభలోనూ చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను. పేర్లు రాయను. నా పేరూ రాయను, కంపెనీ పేరూ రాయను, ముఖ్యంగా ఆవిడ పేరు రాయను. నా మూలంగా ఆ పేరు ఒకసారి పాడైంది, అది చాలు. ఆఫీసులో అందరూ బొల్లారం ఆవిడ అనేవాళ్ళు. నేనూ అలాగే అంటాను.

మాది గుంటూరు వైపు. నాన్న మిషన్ స్కూల్లో టీచరుగా సికింద్రాబాద్ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇంట్లో మాత్రం ఊరి మాటే. అమ్మ ఇన్నేళ్ళు ఇక్కడ బతికి కూడా కూరగాయల బండివాడితో గుంటూరు తెలుగే మాట్లాడేది. అతను తన తెలుగులో తాను జవాబు చెప్పేవాడు. ఎలాగో బేరం కుదిరేది. అమ్మ నోట ఎప్పుడూ ఒక మాట ఉండేది, నెమ్మది. సాయంత్రం ప్రార్థనలో, ఈ ఇంటికి నెమ్మది దయచేయి తండ్రీ అనేది. ఎవరినైనా బాగా మెచ్చుకోవాలంటే, ఎంత నెమ్మదైన మనిషో అనేది. నేను పుట్టు గయ్యాళిని, నన్నెప్పుడూ అలా అనలేదు. మా ఇంట్లో మనిషికి అంతకంటే పెద్ద సర్టిఫికెట్ లేదు.

డిగ్రీ అయ్యాక ఆ కంపెనీలో టైపిస్టుగా చేరాను. లారీలకూ ఆటోలకూ అప్పులిచ్చే కంపెనీ, తర్వాత తర్వాత ఇళ్ళకూ ఇచ్చింది. ఆడవాళ్ళం ముగ్గురం. ఆఫీసంతటికీ ఒకటే బాత్‌రూం, అదీ మగవాళ్ళది. మేము పక్కింటి ముసలమ్మను బతిమాలుకుని వాళ్ళింటికి వెళ్ళేవాళ్ళం. ఆఫీసరు పరీక్ష రాస్తానంటే మా సెక్షన్ హెడ్ నవ్వాడు, కిస్తులు కట్టని లారీల వెంట నువ్వే తిరగాలమ్మా, చీర కట్టుకుని లారీ ఎక్కుతావా అని. ఎక్కాను. ఎండలో లారీ అడ్డాల చుట్టూ తిరిగాను. సికింద్రాబాద్‌లోనే కార్ఖానా అనే పేటలో ఉన్న బ్రాంచికి మేనేజర్‌గా వేసినప్పుడు నేను చేసిన మొదటి పని బాత్‌రూం కట్టించడం. రెండో పని నోరు పెంచడం. మెత్తనివాళ్ళను చూస్తే మొత్తబుద్ధి అవుతుందని సామెత ఉంది కదా, అదే పట్టుకున్నాను. నేను వస్తుంటే గుమాస్తాలు మాటలాపి కాగితాలు సర్దుకునేవాళ్ళు. దాన్నే నాయకత్వం అనుకున్నాను.

ఆ బ్రాంచిలో కౌంటర్ క్లర్కు బొల్లారం ఆవిడ. నాకంటే ఐదారేళ్ళు చిన్న. వాళ్ళ నాన్న కంటోన్మెంటులో దర్జీ, మిలిటరీవాళ్ళ యూనిఫారాలు కుట్టేవాడు. ఆవిడ రోజూ బొల్లారం నుంచి బస్సులో వచ్చి, టిఫిన్ డబ్బా కుర్చీ కింద పెట్టుకుని, సాయంత్రం దాకా లేచేది కాదు. ఆవిడ గొంతు పక్క బల్లకు వినిపించేది కాదు.

ఒక రోజు ఒక లారీ ఓనరు, తన బండిని మావాళ్ళు సీజ్ చేసి తెచ్చారని మండిపడుతూ లోపలికి వచ్చాడు. కౌంటర్ మీద అద్దాన్ని చేత్తో గుద్దితే అది పగిలింది. నేను నా గదిలో పోలీసులకు ఫోన్ చేయబోతున్నాను. ఆవిడ లేచి బయటికొచ్చి, అతని చెయ్యి తెగిందని ముందు తన చేతిరుమాలు, ఇక్కడివాళ్ళ దస్తీ, చుట్టుకోమని ఇచ్చింది. కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. బండి సంగతి ఎత్తనేలేదు. ఎక్కడినుంచి వచ్చారు, అన్నం తిన్నారా, ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, ఇవే అడిగింది. అరగంట పట్టింది. ఆ అరగంటా నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. చివరికి అంత మనిషీ ఏడ్చాడు. భార్య ఆస్పత్రిలో ఉందట, అందుకే కిస్తులు ఆగాయట. గడువు పొడిగించమని అప్లికేషన్ కూడా ఆవిడే రాసిచ్చింది. వెళ్తూ వెళ్తూ అతను నా గది ముందు ఆగి నాకు దండం పెట్టాడు. నేను చేసిందేముంది, ఫోను పట్టుకుని కూర్చోవడం తప్ప!

ఇళ్ళ అప్పుల కిస్తులు కట్టడానికి తిరుమలగిరి నుంచి వచ్చే మిలిటరీవాళ్ళ భార్యలు, భర్తలు పోయినవాళ్ళు, అందరూ ఆవిడ కౌంటర్ ముందే నిలబడేవాళ్ళు. పక్క కౌంటర్ ఖాళీగా ఉన్నా అటు కదిలేవాళ్ళు కాదు. నేను గొంతు చించుకుని సంపాదించుకున్న మర్యాద ఈవిడ గొంతు ఎత్తకుండానే సంపాదించిందే అని నాకు కాస్త కుళ్ళు కూడా ఉండేది. ఉన్నమాట చెప్పాలి కదా.

ఆవిడ ఇంటి సంగతి మాకందరికీ తెలుసు. భర్తకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది, మంచంలోనే ఉన్నాడు. ఇంటికి ఆవిడ జీతమే జీతం. ఇంతలో కంప్యూటర్లు వచ్చాయి. నేను అప్పటికి రీజినల్ మేనేజర్‌నై హెడ్డాఫీసుకు మారాను. క్లర్కుల్లో ఆఫీసర్లయినవాళ్ళు ఉంటారు, మిగిలినవాళ్ళు స్వచ్ఛందంగా ఇంటికి వెళ్ళాలి అని పైవాళ్ళు తేల్చారు. స్వచ్ఛందమట! నలభై ఐదేళ్ళు దాటితే ఆఫీసరు ప్రమోషన్ లేదు. ఆవిడకు అదే ఆఖరి ఏడు. పరీక్ష పాసైంది. ఇక కమిటీ ఒప్పుకోవడమే మిగిలింది. ఆ కమిటీలో నేనున్నాను.

ఎప్పుడూ ఏమీ అడగని మనిషి ఆ వారం నా గదికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. "నా గురించి ఒక్క మంచి మాట చెప్పుండ్రి మేడమ్. ఇంకేం వద్దు," అంది. చెప్పకుండా ఎలా ఉంటాను అన్నాను. నీలాంటి మనిషి నాకు ఈ కంపెనీలో ఇంకొకరు తగల్లేదు అని కూడా అన్నాను. అప్పుడు నేను అబద్ధం ఆడలేదు.

కమిటీలో మేము ముగ్గురం. చైర్మన్ మద్రాసాయన. తెలుగు వచ్చనేవాడు గానీ, సగం మాటలు పక్కవాళ్ళను అడిగి తెలుసుకునేవాడు. ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనల్ మేనేజర్ సికింద్రాబాద్‌లోనే పుట్టి పెరిగినవాడు. చెడ్డవాడు కాదు, ఎదుటివాళ్ళు మాట పూర్తిచేసేలోపే రాసేసుకునే రకం. మూడో మనిషిని నేను. ఆ రోజు ఎజెండాలో మొదటిది క్లర్కుల ప్రమోషన్లు, ఆఖరిది జనరల్ మేనేజర్ పోస్టు. దానికి రెండు పేర్లున్నాయి, ఒకటి నాది. దాని మీద మాట్లాడేటప్పుడు నన్ను బయటికి పంపిస్తారు. మొదలుపెట్టే ముందే చైర్మన్ నవ్వుతూ, ఇవాళ ఆడవాళ్ళందరి తరఫునా వాదించబోరు కదా మేడమ్ అన్నాడు. నేనూ నవ్వాను.

ఆవిడ ఫైలు వచ్చింది. మీ దగ్గరే చేసింది కదా మేడమ్, మనిషి ఎట్లాంటిది అని పర్సనల్ మేనేజర్ అడిగాడు. దేవుడి సాక్షిగా చెబుతున్నాను, ఆ నిమిషాన నా మనసులో మంచే ఉంది. దస్తీ చుట్టుకున్న చేత్తో ఏడుస్తున్న ఆ లారీ ఓనరే గుర్తొచ్చాడు. ఇంట్లో రోజూ విన్న మాట నోటికొచ్చింది. "చాలా నెమ్మదైన మనిషండీ," అన్నాను.

అతను పెన్ను ఆపి నా వైపు చూశాడు. "నెమ్మదా? మేనేజర్ కుర్సీల గట్ల నడుస్తదా మేడమ్? జెర జల్ది ఉండాలె గదా," అన్నాడు. ఏమిటి, ఏమిటి అని చైర్మన్ అడిగితే, స్లో అని చెప్పాడు. చైర్మన్ తల ఊపాడు. కాగితం మీద ఆ ఒక్క ముక్క పడింది. నాకు తలకిందులుగా కనిపిస్తున్నా చదవగలిగాను.

అతనికి తప్పుగా అర్థమైందని నాకు తెలుసు. తర్వాతెప్పుడో తెలియడం కాదు, అప్పుడే తెలుసు. వాళ్ళ ఇళ్ళల్లో నెమ్మది అంటే నడకలోనో పనిలోనో ఉండేది, మా ఇళ్ళల్లో మనసులో ఉండేది. అబ్బే, అలా కాదండీ, శాంతమైన మనిషి అంటున్నాను అంటే సరిపోయేది. నోరు తెరిచాను కూడా. అప్పుడే చైర్మన్ నా వైపు చూశాడు, ఇందాకటి నవ్వుతోనే. ఇదిగో, మొదలుపెట్టింది అనుకుంటాడేమో అనిపించింది. ఎజెండాలో ఆఖరి అంశం గుర్తొచ్చింది. కప్పు తీసుకుని టీ తాగాను. లారీ అడ్డాలను హడలెత్తించిన నోరు తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది. వాళ్ళు తర్వాతి ఫైలు తీశారు.

ఇంటికెళ్ళి మా ఆయనకు చెప్పాను. దానికింత ఆలోచన దేనికి, రేపు పొద్దున్నే వెళ్ళి అతనికి చెప్పెయ్యవే అన్నాడు. రేపు అన్నాను. మర్నాడు, మీటింగులో తేల్చినవి రాసిన మినిట్స్ సంతకానికి వస్తాయి కదా, అప్పుడు సరిచేయిస్తాలే అనుకున్నాను. మూడు రోజులకు మినిట్స్ వచ్చాయి. పైన ఆవిడ పేరు పక్కన ఆ ముక్క ఉంది, అదే కాగితం కింద నన్ను జనరల్ మేనేజర్‌గా నిర్ణయించినట్టు ఉంది. మార్చాలంటే అంతా మళ్ళీ టైపు కావాలి, మళ్ళీ చైర్మన్ దగ్గరికి పోవాలి, ఎందుకని ఆయన అడగాలి. సంతకం చేసేశాను. దరిద్రపు చెయ్యి.

పనిలో వేగం చాలదు కాబట్టి ప్రమోషన్ ఇవ్వలేకపోతున్నామని ఆవిడకు ఉత్తరం వెళ్ళింది. మర్నాడు ఆవిడ నా గదికి వచ్చింది. ఏడుస్తుందేమో అనుకున్నాను, నిలదీస్తుందేమో అనుకున్నాను. చేతిలో స్వీటు డబ్బా ఉంది. నా ప్రమోషన్‌కట. డబ్బా బల్ల మీద పెట్టి, "మీరు కొట్లాడే ఉంటరు మేడమ్. వాళ్ళు ఇనలేదు గావచ్చు. మీరేం పరేషాన్ గాకుండ్రి," అంది. ఉద్యోగం పోయే మనిషి వచ్చి నన్ను ఓదారుస్తోంది. కనీసం తల అడ్డంగా ఊపినా బాగుండేది. కమిటీలో ఒక్కరి మాట చెల్లదమ్మా అన్నాను. ఆవిడ దానికి కూడా నమస్కారం పెట్టి వెళ్ళింది. మా మేడమ్ నా కోసం పెద్దసార్లతో కొట్లాడింది అని బ్రాంచిలో అందరికీ చెప్పిందట. నేనంటే భయపడే గుమాస్తాలు ఆ తర్వాత నన్ను ప్రేమగా చూడటం మొదలుపెట్టారు. అది ఇంకా నరకం.

ఇంటికి పంపేవాళ్ళ లిస్టు తయారు కావడానికి ఇంకో ఏడాది ఉంది. ఈలోగా చురుకుదనం చూపిస్తే కౌంటర్లో అయినా ఉంచుతారని ఆవిడ ఆశపడింది. ఒకసారి ఇన్‌స్పెక్షన్‌కు కార్ఖానా వెళ్ళాను. ఆవిడ నిలబడి పనిచేస్తోంది. కూర్చుంటే టైం పోతుందట. వచ్చినవాళ్ళ ముఖం చూడటం లేదు, వాళ్ళ చేతుల్లోంచి కాగితాలు లాక్కుంటోంది. తిరుమలగిరి నుంచి ఎప్పుడూ వచ్చే ఒక హవల్దారు భార్య, ముసలావిడ, సంచిలోంచి పాస్‌బుక్కు తీస్తూ కొడుకు సంగతి ఏదో చెప్పబోయింది. "జల్ది చెప్పమ్మ, ఎనక లైనున్నది," అని కసిరింది ఆవిడ. ముసలావిడ పాస్‌బుక్కు మళ్ళీ సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. బొల్లారం ఆవిడ నా వైపు తిరిగింది, చూశారా మేడమ్ ఎంత ఫాస్ట్ అయ్యానో అన్నట్టు. బాగుందమ్మా అన్నాను. ఛీ, నా బతుకు.

ఏడాది తిరిగేసరికి ఆవిడ మీద ఫిర్యాదులు వచ్చాయి, దురుసుగా మాట్లాడుతోందని. స్లో అని ఒక కాగితం, దురుసు అని ఇంకో కాగితం, రెండూ ఒకే ఫైల్లో పెట్టి నా బల్ల మీదికి తెచ్చారు. ఇంటికి పంపేవాళ్ళ లిస్టు మీద జనరల్ మేనేజర్ సంతకం కావాలి. ఆ రోజైనా చైర్మన్ దగ్గరికి వెళ్ళొచ్చు. వెళ్ళి ఏమని చెప్పను? అప్పుడు తెలిసీ నోరు మూసుకున్నానని చెప్పాలి కదా. చెప్పలేక సంతకం చేశాను.

ఆ తర్వాత ఇంకా చాలా ఏళ్ళు జనరల్ మేనేజర్‌గా ఉన్నాను. కొత్తగా చేరినవాళ్ళకు ట్రైనింగ్ క్లాసులు చెప్పాను. కోపంతో వచ్చిన కస్టమర్‌తో ఎలా మాట్లాడాలో చెప్పేటప్పుడు, మా కార్ఖానా బ్రాంచిలో ఒక రోజు ఏం జరిగిందంటే అని ఆ లారీ ఓనరు సంగతి చెప్పేదాన్ని. అతనికి దస్తీ ఇచ్చిందెవరో చెప్పేదాన్ని కాదు. పిల్లలు నేనే అనుకుని నోట్సు రాసుకునేవాళ్ళు. అనుకోనిచ్చాను.

పర్సనల్ మేనేజర్ నాకంటే ముందు రిటైరయ్యాడు. రాష్ట్రం కలిసి ఉంటుందా విడిపోతుందా అని క్యాంటీన్లో రెండు జట్లుగా కూర్చుని వాదించుకునే రోజులవి. అతని వీడ్కోలు భోజనాల దగ్గర, మాటల్లో మాటగా అన్నట్టు ఆ సంగతి ఎత్తాను. ఆ రోజు నెమ్మది అన్నది మెచ్చుకోవడానికండీ అన్నాను. అతను ప్లేటు కింద పెట్టేశాడు. "అయ్యో మేడమ్, నిమ్మలం మనిషి అంటున్నరా మీరు? గట్లంటె సమజ్ అయితుండె గదా. అప్పుడే చెప్తె కొట్టేసి రాస్తుంటి," అన్నాడు. నిజంగా బాధపడ్డాడు పాపం. పెన్నుతో ఒక గీత, అంతే పట్టేదన్నమాట. చైర్మన్ ఏమీ అనేవాడు కాదేమో. నా పోస్టు ఎక్కడికీ పోయేది కాదేమో. ఆ రోజు నేను దేనికి భయపడ్డానో అది అసలు లేనే లేదేమో అన్నది, అది నిజంగా ఉండి ఉంటే తినేదానికంటే నన్ను ఎక్కువ తినేసింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి బొల్లారం బయల్దేరాను. తప్పు ఒప్పుకుంటే గుండె తేలికవుతుందని మా పాస్టరుగారు ఎప్పుడూ చెబుతారు. నాకు గుండె తేలిక కావాలి.

మధ్యాహ్నం పూట వెళ్ళాను. రెండు గదుల రేకుల ఇల్లు. ముందు గదిలో ఆవిడ కుట్టుమిషన్ దగ్గర కూర్చుని స్కూలు యూనిఫారాలు కుడుతోంది, పక్కన మంచం మీద భర్త. జుట్టు మొత్తం నెరిసింది. నన్ను చూసి గబగబా లేచి కొంగు సర్దుకుని, భర్త వైపు తిరిగింది. "చూసినవా ఎవరొచ్చిండ్రో! మా మేడమ్. నా కోసం కొట్లాడిన మేడమ్," అని గట్టిగా చెప్పింది. ఆయన వంకరపోయిన మూతితోనే నవ్వాడు. బాగున్న చెయ్యి ఎత్తి నాకు దండం పెట్టాడు.

అక్కడే వెనక్కి తిరగాల్సింది. టీ తాగి, మోకాళ్ళ నొప్పుల గురించి నాలుగు మాటలు మాట్లాడి, వచ్చేయాల్సింది. చెప్పాను. నెమ్మది అన్నానని, అతను స్లో అని రాశాడని, మా వైపు ఆ మాటకు అర్థం వేరని, నాకు తెలిసిన మంచి మాటల్లో అంతకంటే మంచిది లేదని, అన్నీ చెప్పాను.

ఆవిడకు ముందు అర్థం కాలేదు. నెమ్మది అంటే స్లో అనే కదా మేడమ్, మీరు చెప్పింది నిజమే కదా అంది. కాదమ్మా, మా అమ్మ ప్రార్థనలో అని మళ్ళీ మొదలుపెట్టాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"అది గాదు మేడమ్. ఆయన స్లో అని రాస్తుంటె మీరు చూసిండ్రా?"

"చూశాను."

"చూసి ఏమన్నరు?"

"ఏమీ అనలేదమ్మా."

"ఏమనలే," అంది ఆవిడ. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. మిషన్ మీదున్న చొక్కా తీసి మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది. "నౌకరి పోతే పోయింది, నా కోసం ఒక్కరన్న కొట్లాడిండ్రు అనుకున్న మేడమ్. ఇన్నేండ్లు అందరికి అదే చెప్పుకున్న. ఈయనకు సుత రోజు అదే చెప్తుంటి," అంది. భర్త వైపు చూసి, "నాకు గదొక్కటే ఉండె," అంది.

చొక్కా అక్కడే పెట్టి లోపలి గదిలోకి వెళ్ళింది. ఎంతసేపు కూర్చున్నా బయటికి రాలేదు. మంచం మీద ఆయన అంతా విన్నాడు. మాట పోయింది గానీ చెవులు పోలేదు కదా. నన్నే చూస్తున్నాడు. కాసేపటికి ఆ బాగున్న చెయ్యి పైకి లేచింది. నాకు తలుపు చూపించాడు.